ఒంటరివి రెండు

కెమిస్ట్రీ విభాగంలో మెట్లు దిగి, ఖాళీ అట్టపెట్టెలు పేర్చిన వరండా దాటి వెళితే చివరన ఒక గది వస్తుంది. అందులో ఫ్యాను ఉంది కానీ తిరగదు. చెడిపోయి కాదు, తిరగనివ్వరు. కిటికీ ఉంది కానీ తెరవరు. ఆ గదిలో పనిచేసే మనిషిని అందరూ తూకాలాయన అంటారు. ఎదురుగా "సార్" అన్నా, వెనకాల మాత్రం "తూకాలాయన్ని అడుగు", "తూకాలాయన ఇవాళ మంచి మూడ్‌లో ఉన్నాడు" అనే అంటారు. అతనికి ఇంకా నలభై దాటలేదు. ఆ పిలుపులోని 'ఆయన' అతని వయసుకి ఓ పదేళ్ళు కలిపేసింది.

అతను తూచేది కూరగాయలు కాదు. పరిశోధన చేసే పిల్లలు చిటికెడు పొడి తెచ్చి ఇస్తారు. ఆకుపచ్చదో, గులాబీరంగుదో, ఇటుక పొడి లాంటిదో. దాన్ని సన్నటి గాజుగొట్టంలో పోసి, గొట్టం అడుగుని చెక్కబల్ల మీద టక్కుటక్కుమని తడుతూ, సందు లేకుండా దిగేదాకా కూరతాడు. తర్వాత ఆ గొట్టాన్ని దారంతో త్రాసుకి వేలాడదీస్తాడు. గొట్టం కింది కొస ఓ పెద్ద విద్యుదయస్కాంతం నోట్లోకి, రెండు ధ్రువాల మధ్యకి వస్తుంది. అయస్కాంతం ఆపి ఒకసారి తూస్తాడు. వేసి ఒకసారి తూస్తాడు. పొడి అయస్కాంతం మాట వినే రకమైతే, కనబడని చెయ్యేదో కిందనుంచి మెల్లగా లాగినట్టు బరువు పెరుగుతుంది. వినని రకమైతే వెంట్రుకవాసి తగ్గుతుంది. ఆ తేడా ఎంత చిన్నదంటే, పక్కన ఎవరైనా గట్టిగా నిట్టూర్చినా చెదిరిపోతుంది. ఫ్యాను తిరగకపోవడానికీ, ఆ గదిలోకి వచ్చినవాళ్ళు కబుర్లు పెట్టుకోకపోవడానికీ కారణం అదే. అతను వేలు పెదవి మీద పెట్టుకుంటాడు, వచ్చినవాళ్ళు గప్‌చుప్.

ఆ తేడా మీద లెక్క కడితే చివరికి ఒక అంకె వస్తుంది. దాని ప్రమాణం బోర్ మాగ్నెటాన్. గుడ్డకి మీటరు, పాలకి లీటరు ఉన్నట్టు పరమాణువులోని అయస్కాంతానికి అది. ఎలక్ట్రాన్లు జతగా ఉన్నప్పుడు ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరిగి, ఒకదాని లాగుడు ఇంకొకటి చెరిపేస్తుంది. బయటికి ఏమీ తెలియదు. జత దొరక్క మిగిలిపోయిన ఎలక్ట్రాన్ మాత్రమే అయస్కాంతం పిలిస్తే పలుకుతుంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఒంటరి ఎలక్ట్రాన్ అంటారు. పరిశోధన పిల్లలకి అంత పొడుగు మాట అనే ఓపిక ఎక్కడిది? తలుపు సందులోంచి తల దూర్చి, "సార్, ఒంటరివి ఎన్ని?" అంటారు. "మూడు" అనో "ఐదు" అనో చెబితే చంకలు గుద్దుకుంటూ మెట్లెక్కుతారు. "సున్నా" అంటే మొహం మాడ్చుకుని వెళ్తారు.

అతని భార్య అదే భవనంలో పై అంతస్తులో పనిచేసేది. అక్కడి యంత్రం ఎలక్ట్రాన్ల జోలికి పోదు. పరమాణువు నడిబొడ్డున ఉండే కేంద్రకం తాలూకు అయస్కాంతాన్ని పట్టుకుంటుంది. కేంద్రకానిది మరీ పీలగొంతు. దాన్ని బోర్ మాగ్నెటాన్లలో చెప్పడమంటే, ఆవగింజని తీసుకెళ్ళి లారీలు తూచే కాటా మీద పెట్టడమే. అందుకని దానికో చిన్న ప్రమాణం ఉంది, న్యూక్లియర్ మాగ్నెటాన్ అని. రెండూ ఒకే సూత్రంతో కట్టినవే. సూత్రంలో ఎలక్ట్రాన్ బరువు ఉన్న చోట ప్రోటాన్ బరువు పెడితే చాలు, ప్రమాణం పద్దెనిమిది వందల రెట్లకి పైగా చిక్కిపోతుంది.

"ఎంతైనా మాది పెద్ద ప్రమాణం," అనేవాడు పెళ్ళైన కొత్తలో మీసం మీద చెయ్యేసుకుని.

"పెద్దదే. మీరు చేసిన ప్రమాణాల్లో ఇంతవరకు నిలబడింది అదొక్కటే," అనేది ఆవిడ.

ఆ రెండు మాటలూ అలా ఇంట్లోకి వచ్చేశాయి. వాళ్ళకి కూతురు పుట్టింది. బుగ్గలు ఊదుకుని, మెడ లేకుండా, అచ్చం గువ్వపిట్టలా ఉందని గువ్వ అన్నారు. గువ్వ పుట్టిన దగ్గర్నుంచి అతనికి కంగారు పట్టుకుంది. పాలు కక్కితే కంగారు, కక్కకపోతే ఇంకా కంగారు. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేవాడు. "ఇది పెద్దదా, చిన్నదా?" అని భార్యని అడిగేవాడు. ఆవిడ పిల్ల నుదుటి మీద అరచెయ్యి ఆనించి, "చిన్నదే, న్యూక్లియర్. పోయి పడుకోండి," అనేది. అంతే, ఆ మాటతో అతని గుండె మళ్ళీ గుండెలా కొట్టుకునేది.

గువ్వకి మూడేళ్ళు నిండకముందే ఆవిడ పోయింది. మొదట్లో వచ్చిన కడుపునొప్పిని తనే చిన్నదని తేల్చేసింది. ఆవిడ కొలత తప్పింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత ఇంట్లో చిన్న ప్రమాణం లేకుండా పోయింది. దగ్గు, జలుబు, మోకాలు దోక్కుపోవడం, స్కూలు బస్సు రావడం కాస్త ఆలస్యం, అన్నీ పెద్దవే. బల్ల అంచులకి గుడ్డలు చుట్టాడు. కరెంటు ప్లగ్గుల మీద టేపు అంటించాడు. ద్రాక్షపండుని నిలువునా నాలుగు చీలికలు చేసి పెట్టేవాడు. వాళ్ళు కాపురముండే భవనంలో కింద మెట్ల పక్క గదిలో బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. అందరూ దర్జీ అక్క అనేవాళ్ళు. "స్కూలయ్యాక పిల్లని మా దగ్గర వదిలెయ్యండి అన్నయ్యా. నాకు ముగ్గురున్నారు, నాలుగోది లెక్కేమిటి?" అని ఎన్నిసార్లో అడిగింది. అతను ఆ గదిలోకి ఓసారి తొంగి చూశాడు. సూదులు, కత్తెరలు, గుండీల డబ్బాలు, ఇస్త్రీపెట్టె. "ఎందుకులెండి, మీకు శ్రమ," అని బయటపడ్డాడు. స్కూలు వదలగానే గువ్వని తనతో పాటు తూకాల గదికి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

గోడవారగా ఎత్తు స్టూలు వేశాడు. గువ్వ దాని మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేది. "కదలకూడదు. మాట్లాడకూడదు. ఊపిరి కూడా మెల్లగా," అని చెప్పాడు. అతనే వేలు పెదవి మీద పెట్టి చూపించాడు. గువ్వ ఒక్క రోజులో నేర్చేసుకుంది. అంత బుద్ధిమంతురాలు ఇంకెక్కడా ఉండదని పరిశోధన పిల్లలు మెచ్చుకునేవాళ్ళు. అతనికీ గర్వంగా ఉండేది. గొట్టం వేలాడదీసి, అయస్కాంతం మీట నొక్కి, అంకె నిలిచేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. అంకె నిలవగానే గువ్వ చెయ్యెత్తేది. అప్పుడు ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలేవాళ్ళు. రోజు మొత్తంలో అతనికి ఒంటరితనం అనిపించని క్షణాలు అవే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా చెప్పుకోలేదు.

ఒకనాడు అతను ఖాళీ గొట్టాన్ని తూస్తుంటే గువ్వ అడిగింది, "అందులో ఏం లేదుగా నాన్నా?"

"గాలి ఉందిగా. గాలిని కూడా అయస్కాంతం లాగుతుంది, ఆ లెక్క తీసెయ్యాలి."

"గాలికి ఒంటరివి ఉంటాయా?"

"ఆక్సిజన్‌కి ఉంటాయి. రెండు."

"రెండేనా?"

"రెండు తక్కువా? ఆ రెండున్న ఆక్సిజన్‌నే అందరం పీలుస్తున్నాం."

గువ్వ ఆలోచించింది. "ఒంటరిది ఒకటుంటే ఎంత వస్తుంది?"

"ఒకటి పాయింట్ డెబ్భై మూడు."

"రెండుంటే?"

"రెండు పాయింట్ ఎనభై మూడు."

"రెట్టింపు రాదా?" గువ్వ రెండో తరగతి. రెట్టింపులు అప్పుడే నేర్చుకుంది.

"రాదు. లెక్క అలా ఉంది, నేనేం చెయ్యను?" అన్నాడు. నవ్వి గొట్టం తుడిచాడు. తర్వాత ఆ మాటే మర్చిపోయాడు.

స్కూలు నుంచి టీచర్ ఫోన్ చేసింది ఆ తర్వాతే. అతను మధ్యాహ్నం డబ్బా మూత తీస్తున్నాడు.

"కంగారు పడకండి," అని మొదలుపెట్టింది టీచర్. ఆ మాటతో అతని చేతిలోని మూత కింద పడింది. "ఇంట్లో ఎవరెవరుంటారో చెప్పమన్నాను పిల్లల్ని. అమ్మ, నాన్న, నానమ్మ, కుక్కపిల్ల అని ఒక్కొక్కరూ చెబుతున్నారు. మీ పాప లేచి, 'మా ఇంట్లో ఒంటరివి రెండు, నేనూ నాన్నా' అంది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదండీ."

అతను వంగి మూత తీసుకున్నాడు.

"అసలు పిల్ల నోరే విప్పదు. పక్కవాళ్ళు పలకరించినా వేలు పెదవి మీద పెట్టుకుని చూస్తుంది. ఆటల్లోకి పిలిస్తే గోడకి ఆనుకుని నిలబడుతుంది. చుట్టాల్లో ఎవరైనా ఆడవాళ్ళుంటే కొన్నాళ్ళు..." టీచర్ ఆగింది. "తప్పుగా అనుకోకండి."

"లేదండీ, అనుకోను," అన్నాడు.

ఒంటరివి అనే మాట రోజుకి పదిసార్లు అతని నోట్లో నలిగేదే. పరిశోధన పిల్లలకి చాకొలెట్లు పంచినట్టు పంచే మాటే. కానీ టీచర్ నోట వినేసరికి అది ఇంతకుముందెప్పుడూ విననిదైపోయింది. ఏడేళ్ళ పిల్ల తన ఇంటిని చూసి ఆ మాట అందా! డబ్బాకి మళ్ళీ మూత పెట్టేసి పక్కకి జరిపాడు. ఇది పెద్దదా, చిన్నదా? అడగడానికి తల పైకెత్తితే కనిపించింది పై అంతస్తు కాదు, తిరగని ఫ్యాను.

మరదలికి ఫోన్ చేశాడు. భార్యకి స్వయానా చెల్లెలు. వేరే ఊళ్ళో భర్త, ఇద్దరు మగపిల్లలతో ఉంటుంది. అంతా విని ఆవిడ ఒకటే మాట అంది. "నేనొస్తున్నా బావా. పిల్లని నాతో తీసుకొచ్చేస్తా. అక్కడే చదువుకుంటుంది. మా రాక్షసులిద్దరి మధ్యా పడితే వారంలో నోరొస్తుంది."

"ఎన్నాళ్ళకి?" అని అడిగాడు అతను.

"ఎన్నాళ్ళేమిటి? పెద్దయ్యేదాకా."

వద్దనడానికి అతనికి నోరు రాలేదు. వద్దంటే అది పిల్ల కోసమా, తన కోసమా అనేది తేల్చుకోలేకపోయాడు.

మరదలు రెండు సంచులతో, ఒక గొడుగుతో దిగింది. గుమ్మంలోనే నిలబడి ఇల్లంతా చూసింది. గుడ్డలు చుట్టిన బల్ల అంచులు, టేపు వేసిన ప్లగ్గులు, కుర్చీ కాళ్ళకి తొడిగిన పాత సాక్సులు.

"ఇది ఇల్లా బావా, గాజుసామాను పార్సిలా?"

"పిల్ల పడుతుందని..."

"పడితే లేస్తుంది. మా చిన్నాడు రోజుకి రెండుసార్లు పడతాడు, ఒకసారి వాడి అన్నయ్య మీదే పడతాడు." సంచి దింపి గువ్వని దగ్గరికి లాక్కుంది. "ఏమే గువ్వా, పిన్నితో వచ్చేస్తావా? మా ఇంట్లోనే ఉండిపోదువు గాని."

గువ్వ తండ్రి వంక చూసింది. అతను అప్పటికే బీరువా తెరిచి, పిల్ల గౌన్లు మంచం మీద దొంతరగా పెడుతున్నాడు. చలికోటు పెట్టాడు. తీసి, మడత సరిచేసి మళ్ళీ పెట్టాడు. వెనక్కి తిరగలేదు.

"నాన్న కూడా వస్తాడా?" అంది గువ్వ.

"నాన్నకి ఇక్కడ ఉద్యోగం ఉందిగా. సెలవులకి వస్తాడు."

గువ్వ పిన్ని మొహంలోకి పరీక్షగా చూసింది. "మీ ఇంట్లో ఒంటరివి ఎన్ని?"

మరదలి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. పిల్లని గుండెలకి హత్తుకుంది. "మా ఇంట్లో ఎవరూ ఒంటరి కాదు తల్లీ! నేనూ బాబాయీ జంట, అన్నయ్యలిద్దరూ జంట. అక్కడ ఒంటరివాళ్ళే ఉండరు."

గువ్వ ఆ కౌగిట్లోంచి మెల్లగా బయటికొచ్చింది. మొహం మాడిపోయింది.

"అయితే సున్నానా?" అంది.

అతని చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. ఆ మొహం అతనికి బాగా తెలుసు. ఏళ్ళ తరబడి తలుపు సందులో చూస్తున్న మొహమే అది. పొడిలో ఏమీ లేదని చెప్పినప్పుడు మాడిపోయే మొహం.

"గువ్వా," అన్నాడు మంచం మీద కూలబడి, "స్కూల్లో టీచర్ అడిగితే ఏం చెప్పావు?"

"మన ఇంట్లో ఒంటరివి రెండని. ఆక్సిజన్‌కి లాగా. అందరూ నవ్వారు. వాళ్ళకి తెలీదు." కాస్త ఆగి, "టీచర్‌కి కూడా తెలీదు," అంది జాలిగా.

అతనికి నవ్వు వచ్చింది. ఆగలేదు. నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మరదలు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నాకు చెప్పి నవ్వండి, నేనూ నవ్వుతా," అంది. అతను చెప్పాడు. జతలు, ఒంటరివి, లాగుడు, మాగ్నెటాన్లు, అన్నీ. ఆవిడ ఓపిగ్గా వింది కానీ నమ్మినట్టు లేదు.

"మాటలతో నన్ను బోల్తా కొట్టించకు బావా. పిల్ల ఆటలకి పోకుండా గోడకి ఆనుకుని నిలబడేది కూడా ఆక్సిజనేనా? రేపు నన్ను ఆ గదికి తీసుకెళ్ళు. నా కళ్ళతో చూసి అప్పుడు చెబుతా." మంచం మీది బట్టల దొంతర మాత్రం అలాగే ఉంచింది.

మర్నాడు స్కూలు వదిలాక ముగ్గురూ తూకాల గదికి వచ్చారు. మరదలికి కుర్చీ వేశాడు. ఆవిడ లోపలికి రాగానే ఫ్యాను స్విచ్ కోసం గోడంతా తడిమింది.

"వెయ్యకూడదు పిన్నీ," అంది గువ్వ.

"ఉడికిపోతున్నానే!"

"అంతే."

ముందు నీలంరంగు పొడి ఉన్న గొట్టం తీశాడు. అన్ని తూకాలకీ ముందు దాన్ని తూచి చూసుకోవాలి. దానికి ఎంత రావాలో లోకమంతటికీ తెలుసు కాబట్టి, త్రాసు సరిగ్గా ఉందో లేదో అది చెబుతుంది.

"రంగు బాగుంది. ఏమిటది?" అంది మరదలు.

"కోబాల్టూ పాదరసమూ కలిసిన లవణం."

"పాదరసమా! సూదులున్నాయని దర్జీ ఆవిడ ఇంటికి పంపకుండా, పాదరసం పక్కన కూర్చోబెట్టావా పిల్లని?"

"గొట్టానికి మూత ఉంటుందమ్మా..."

"సూదులకీ డబ్బా ఉంటుంది బావా."

అతను గొట్టం వేలాడదీశాడు. మీట నొక్కాడు. అయస్కాంతం సన్నగా హుమ్మంది. త్రాసు అంకెలు కదలడం మొదలుపెట్టాయి. మరదలు ముక్కు తుడుచుకుంటూ, "ఇంతసేపు పడుతుందా..." అనబోయింది.

గువ్వ గిరుక్కున తిరిగింది. కనుబొమలు ముడిచి వేలు పెదవి మీద పెట్టుకుంది. ఆ చూపులో చిన్నపిల్ల లేదు. భుజాలు బిగుసుకుని, పొట్ట లోపలికి పోయి, ఊపిరి ఎక్కడో గొంతులో ఆగిపోయి ఉంది. మరదలు నోరు మూసుకుంది. త్రాసు కేసి కాక పిల్ల కేసి చూస్తూ ఉండిపోయింది. అతనూ చూశాడు. ఇన్నాళ్ళూ ఇద్దరూ కలిసి త్రాసు కేసే చూశారు. ఆ పిల్ల మొహం కేసి పక్కనుంచి చూడటం అతనికి అదే మొదటిసారి.

అంకె నిలిచింది. గువ్వ చెయ్యెత్తింది, ఊపిరి వదిలింది.

"ఊపిరలా బిగబట్టడం ఎవరు నేర్పారే నీకు?" అంది మరదలు. గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

"నాన్న. కదిలితే చెదిరిపోతుంది."

"ఏం చెదిరిపోతుంది?"

గువ్వ గొట్టం కేసి చూసింది, తండ్రి కేసి చూసింది. "అన్నీ," అంది.

గువ్వని బయట వరండాలో అట్టపెట్టెలతో ఇల్లు కట్టుకోమని చెప్పి, మరదలు తలుపు దగ్గరికి వేసింది. అతను అయస్కాంతం ఆపేశాడు. హుమ్మనే చప్పుడు పోయాక గది మరీ పెద్దదైనట్టు అనిపించింది.

"టీచర్ చెప్పిన వేలు ఇదే కదూ?" అంది.

అతను తలూపాడు. పిల్ల అన్న మాటకి టీచర్ తప్పు అర్థం తీసింది. చూసిన వేలికి మాత్రం తప్పు అర్థం తీయలేదు. ఈ గదిలో పనికొచ్చిన బుద్ధిమంతురాలే తరగతిలో గోడకి ఆనుకుని నిలబడుతోంది. పిల్లని అలా నిలబెట్టింది తనే. మెచ్చుకుంటూ నిలబెట్టాడు.

"అక్క ఫోన్లో ఒక మాట అంటూ ఉండేది," అంది మరదలు కొంగుతో మెడ తుడుచుకుంటూ. "మీ బావకి అన్నీ పెద్ద మాగ్నెటాన్లేనే, చిన్నవి చూపించలేక చస్తున్నాను అని. అదేదో ఆఫీసు తిట్టనుకునేదాన్ని. నిన్న నువ్వు చెబితే తెలిసింది."

అతను తల వంచుకున్నాడు. "చిన్నదో పెద్దదో చెప్పేది తనే. నాకు తెలియదమ్మా. ఇది ఏది?"

"మధ్యరకం."

"మధ్యలో ఏ ప్రమాణమూ లేదు."

"లేకపోతే పెట్టుకోండి, అంతమంది చదువుకున్నవాళ్ళున్నారుగా!"

ఇద్దరూ నవ్వారు కానీ ఎక్కువసేపు కాదు. బయట అట్టపెట్టె ఒకటి కూలిన చప్పుడైంది. అతను చటుక్కున లేవబోయాడు. మరదలు చెయ్యి అడ్డం పెట్టింది. అవతలి నుంచి ఏడుపు రాలేదు. పెట్టె మళ్ళీ లాగుతున్న చప్పుడు వచ్చింది. అతను కూర్చున్నాడు.

"పిల్లని తీసుకెళ్ళకమ్మా," అన్నాడు చివరికి. "నా కోసమే అడుగుతున్నానో, దాని కోసమే అడుగుతున్నానో నాకు తెలియదు. కానీ రేపటి నుంచి దాన్ని ఇక్కడికి తీసుకురాను. దర్జీ అక్క దగ్గర వదులుతాను."

"సూదులుంటాయి."

"ఉంటాయి."

"గుండీలుంటాయి."

"మింగితే మింగనీ."

"అంత ధైర్యం ఒద్దులే," అంది మరదలు. "సెలవులకి మాత్రం నేను తీసుకెళ్తా. అడ్డం చెప్పావంటే అక్క మీద ఒట్టే."

ఆవిడ వెళ్ళిపోయింది. మంచం మీది బట్టల దొంతర మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది. వెళ్ళేముందు ఆవిడ ఒక ప్లగ్గు మీది టేపు పీకేసి, ఉండచుట్టి అతని చొక్కా జేబులో వేసింది.

మొదటి రోజు గువ్వని దర్జీ అక్క గుమ్మంలో వదిలినప్పుడు అతను మూడు జాగ్రత్తలు చెప్పబోయాడు. ఒకటి చెప్పేలోపే గువ్వ లోపలికి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. అది చూసి అతను గుమ్మం వదల్లేదు. "మీరు వెళ్ళండన్నయ్యా. మీరుంటే గోడనే అంటిపెట్టుకుంటుంది," అంది దర్జీ అక్క, నోట్లో దారం కొస పెట్టుకుని.

వెళ్ళాడు. తూకాల గది తలుపు వేశాడు. ఎవరో ఎర్రటి పొడి ఒకటి ఇచ్చి పోయారు. దాన్ని కూరాడు, వేలాడదీశాడు, మీట నొక్కాడు. అలవాటుగా స్టూలు వైపు తిరిగి వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. స్టూలు ఖాళీ. వేలు దింపి చొక్కాకి తుడుచుకున్నాడు, మరకేదో అంటినట్టు. అంకె నిలిచింది. చెయ్యెత్తేవాళ్ళు లేరు. తనే తనకి తలూపి రాసుకున్నాడు. సాయంత్రం కుర్రాడొకడు తల దూర్చి, "ఒంటరివి ఎన్ని సార్?" అన్నాడు.

"ఒకటి," అన్నాడు అతను.

అలా వారం నడిచింది. గది వేడి ఎప్పటిలాగే ఉంది. కాకపోతే అదివరకు ఆ వేడి అతనికి తెలిసేది కాదు. పని అయిపోయాక కాసేపు ఫ్యాను వేసి దాని కింద నిలబడేవాడు. చాన్నాళ్ళకి తిరిగిన ఫ్యాను కిర్రుమంటూ, రెక్కల మీది దుమ్మంతా అతని నెత్తిన పోసింది.

వారం చివర్లో కాస్త ముందే బయల్దేరి వచ్చాడు. దర్జీ అక్క గది తలుపు ఓరగా ఉంది. లోపల కుట్టుమిషన్ ఆగి ఉంది. గువ్వ గొంతు వినిపించింది. అంత గట్టిగా ఆ గొంతు వినడం అతనికి కొత్త. గుమ్మానికి ఇవతలే ఆగాడు.

నేల మీద గుండుసూదులు కుప్పగా పోసి ఉన్నాయి. కింద పడ్డ సూదులు ఏరడానికి దర్జీ అక్క వాడే అయస్కాంతం ముక్కని దారానికి కట్టి, గువ్వ ఆ కుప్ప పైన వేలాడదీస్తోంది. చుట్టూ ముగ్గురు పిల్లలు బోర్లా పడుకుని ఉన్నారు. అన్ని సూదులు ఒకేచోట చూసేసరికి అతను ఒక అడుగు ముందుకేశాడు. తలుపు మీద వెయ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరూ కదలకండి," అంటోంది గువ్వ. "ఊపిరి పీల్చకండి. ఒంటరివి ఉంటే లేస్తాయి."

"ఒంటరివి అంటే?" అన్నాడు దర్జీ అక్క నడిపివాడు.

"జత లేనివి. అవే లాగుతాయి."

"పీలిస్తే ఏమవుతుంది?"

"చెదిరిపోతుంది."

"ఏదీ, చూద్దాం," అని వాడు బుగ్గలు పూరించి ఉఫ్ఫుమని ఊదాడు. దారం ఊగింది. అయస్కాంతం గిరగిర తిరిగి, ఓ గుత్తి సూదుల్ని ఎత్తుకుని ఇటూ అటూ కొట్టుకుంది. పిల్లలు ముగ్గురూ విరగబడి నవ్వారు. గువ్వ బిక్కచచ్చిపోయింది. వేలు పెదవి దాకా వెళ్ళింది.

అతను బయట ఊపిరి బిగబట్టాడు.

గువ్వ ఆ ఊగే గుత్తిని చూసింది. ఏదీ చెదిరిపోలేదు. సూదులు పడిపోలేదు, దారం తెగలేదు. పెదవి దాకా వెళ్ళిన వేలు కిందికి దిగింది. బుగ్గలు ఉబ్బాయి. పుట్టినప్పుడు ఎలా ఉబ్బి ఉండేవో అలాగే. ఉఫ్ఫుమని ఊదింది. మళ్ళీ ఊదింది. ఈసారి నలుగురూ నవ్వారు. అందులో గువ్వ నవ్వేదో వేరుగా పట్టుకోవాలని అతను ప్రయత్నించాడు. కలిసిపోయింది, దొరకలేదు.

దర్జీ అక్క తల తిప్పి చూసింది. "వచ్చారా అన్నయ్యా? పిలవనా?"

"వద్దు," అన్నాడు. "ఇంకాసేపు ఆడుకోనివ్వండి."

మెట్ల మీద కూర్చున్నాడు. చొక్కా జేబులో టేపు ఉండ ఇంకా ఉంది. తీసి వేళ్ళ మధ్య దొర్లించాడు. ఇది పెద్దదా, చిన్నదా అని అలవాటుగా అడగబోయి, పైకి చూడకుండానే ఊరుకున్నాడు. లోపల మిషన్ మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడులో పిల్లల మాటలు వినపడలేదు. అయినా అతను చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.